మూడు విజిల్స్ వచ్చాక కట్టేయండి

శనివారం పొద్దున నళిని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి స్టవ్ మీద కుక్కర్ ఎక్కించాలి. పప్పు ఉడికేలోపు ఆఫీసుకి కావలసిన వీడియో ఒకటి తీసి పడేయాలి. పదకొండింటికి ఇంత పప్పన్నం తిని, మూడు గంటల విమానంలో భర్త మూర్తితో కలిసి ఫ్రిస్కో వెళ్ళాలి. అక్కడ మరిది కొత్త ఇంటి గృహప్రవేశం, ఆ వెనక వారం రోజుల సెలవు. ఇందులో లోకానికి చెరుపు చేసేది ఏమైనా ఉందా అంటే, పైకి చూస్తే ఏమీ లేదు.

ఆఫీసు వీడియో ఇంట్లో ఎందుకు తీస్తోందో ముందు చెప్పాలి. నళిని అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఒక ల్యాబ్‌లో పదేళ్ళుగా పనిచేస్తోంది. మందుల కంపెనీలు రోగుల రక్తంలోని ప్లాస్మాని చిన్న ట్యూబుల్లో గడ్డకట్టించి అక్కడికి పంపుతాయి. ఆ ట్యూబుల్ని కరెంటుతో నడిచే గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కరిగించి, నెమ్మదిగా తిరగేసి కలిపి, పరీక్షకి పంపాలి. చెప్పడానికి ఇంతే. కానీ ట్యూబు నడుమ మినపగింజంత మంచు మిగిలినా ఫలితం తప్పుతుంది, ట్యూబు పాడైనట్టే లెక్క. ట్యూబుల మీద రోగుల వివరాలు ఉంటాయి కనుక ల్యాబ్‌లోకి కెమెరా తీసుకెళ్ళకూడదు. అందుకని ఖాళీ ట్యూబులు నాలుగు ఇంటికి తెచ్చి, వాటిలో పసుపు నీళ్ళు పోసి, రాత్రి ఫ్రీజర్‌లో కరివేపాకు పొట్లం పక్కన పెట్టింది. ప్లాస్మా కూడా చూడటానికి పసుపు నీళ్ళలాగే ఉంటుంది.

ఇలాంటివి కొత్తవాళ్ళకి నేర్పడానికి ఆ కంపెనీలో ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి ఉంది. దానికి పెద్ద వెండెల్ అనే ఆయన. మంచి టైలు కడతాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ట్యూబు ముట్టుకోలేదు. 2004లో బయటి కంపెనీ చేత చేయించిన ఎనభై నాలుగు స్లయిడ్లే ఆయన ఆస్తి. అందులో యాభై రెండో స్లయిడ్ ‘ఐదు నిమిషాలు కరిగించండి’ అంటుంది. ఐదు నిమిషాలు చాలవని నళిని మూడుసార్లు మెయిల్ పెట్టింది. ‘పరిశీలిస్తున్నాం’ అని మూడుసార్లు జవాబు వచ్చింది. వాళ్ళు ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

పోయిన ఏడాది, అంటే 2011లో, మీనా అనే కొత్తమ్మాయి ఆ స్లయిడ్‌లో ఉన్నది ఉన్నట్టు చేసింది. ఒక్క వారంలో ఇరవై ట్యూబులు పాడయ్యాయి. మీనాని తీసేశారు. అట్టపెట్టెలో కాఫీ కప్పు, స్వెట్టరు పెట్టుకుని కారు దాకా నడుస్తూ ఆ పిల్ల ఒకే మాట అంది. “స్లయిడ్‌లో ఉన్నట్టే చేశానండీ.” ఆ మాట నళిని మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. పనిచేసేవాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఒకటి, తెర మీద ఉన్న విద్య ఇంకొకటి అయితే, మధ్యలో నలిగేది ఎప్పుడూ కొత్తవాళ్ళే.

అందుకే ఈ ఏడాది డైరెక్టరు “ఇకమీదట పాఠాలు పనిచేసేవాళ్ళే రాసుకోండి, వాళ్ళే దిద్దుకోండి” అని ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉత్త పేజీలు తెరిచినప్పుడు, మొదట చెయ్యెత్తింది నళినే. ఆ పేజీల్లో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అడుగున పేరుతో సహా పడుతుంది. పెత్తనం చేజారిన వెండెల్ మాత్రం చిరునవ్వు చెదరకుండా ఒక్క నియమం అడిగి పెట్టించుకున్నాడు. వీడియో పెడితే అందులో వినబడిన ప్రతి మాటా, ప్రతి శబ్దమూ కింద ఇంగ్లీషులో అక్షరాలుగా పడాలి. ఒక్కటి వదిలినా పేజీ ఎత్తేస్తారు.

సరే, శనివారం. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టి, చేతులకి తొడుగులు వేసుకుని, నళిని చక్కటి ఇంగ్లీషులో పాఠం మొదలుపెట్టింది. స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు. ట్యూబులు నాలుగూ అందులో దింపింది. సరిగ్గా అప్పుడు వెనక కుక్కర్ బుసకొట్టడం మొదలైంది. మూర్తి సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతూ వంటింటి గుమ్మంలో కనబడ్డాడు.

“ఏమండీ, మూడు విజిల్స్ వచ్చాక కట్టేయండి,” అంది నళిని, కెమెరా మీంచి చూపు తిప్పకుండానే.

“మూడేనా?”

“మూడే. మెత్తగా అయిపోతే మీరే మళ్ళీ వంకలు పెడతారు.”

ఆ తర్వాత మళ్ళీ ఇంగ్లీషులోకి దిగి, ట్యూబులు కరిగేలోపు లేబుల్ ఎలా చదవాలో, పేర్లు ఎలా సరిచూడాలో చెప్పింది. మొదటి విజిల్ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. మూర్తి చెయ్యి తెర అంచున వచ్చి స్టవ్ కట్టేసి వెళ్ళిపోయింది. నళిని ట్యూబుని వేళ్ళతో తడిమి, మంచు లేదని నిర్ధారించుకుని, “ఇప్పుడు బయటికి తీయండి” అంది. ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం చెప్పలేదు. పదేళ్ళుగా చేతికి తెలిసిన సంగతి నోటికి తోచలేదు. వీడియో పేజీలో పెట్టింది, కింద అక్షరాలు వేసే పని ఆఫీసులో లోకేష్‌కి అప్పగించింది, విమానం ఎక్కింది. సెలవులో ఆఫీసు మెయిల్ తెరవనని మూర్తికి మాట కూడా ఇచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఎప్పుడూ మంచిదే అంటారు, ఆ అనేవాళ్ళు ఈ ల్యాబ్‌లో పనిచేయలేదు.

లోకేష్ వరంగల్ కుర్రవాడు. వీసా కాగితాలు ఇంకా నడుస్తున్నాయి కనుక నియమం అంటే ప్రాణం. సోమవారం వీడియో పెట్టుకుని, వినబడిన ప్రతి మాటనీ ఇంగ్లీషులోకి దించాడు. ‘వినండి, మూడు విజిల్స్ తర్వాత ఆపేయండి. మూడే. ఎక్కువసేపు ఉంచితే మెత్తబడుతుంది, తర్వాత ఫిర్యాదులు వస్తాయి.’ విజిల్ వచ్చిన చోటల్లా ‘విజిల్ శబ్దం’ అని కూడా వేశాడు. అది పప్పు సంగతి అని వాడికి తెలియకపోలేదు. కానీ నియమంలో పప్పుకి మినహాయింపు లేదు.

మంగళవారం ఆ అక్షరాలు ట్రావిస్ కంటబడ్డాయి. ట్రావిస్ ఆరేళ్ళు సైన్యంలో చేసి వచ్చిన ఆరడుగుల మనిషి. రాసి ఉన్నది చేయడం, చేసింది రాయడం, ఈ రెండూ తప్ప మూడోది ఎరగడు. అందరికీ వీలుగా ఉంటుందని వీడియోని చూసి పేజీలో పన్నెండు మెట్ల జాబితా రాశాడు. ఆరో మెట్టు: ‘మూడు విజిల్స్ వచ్చేదాకా ఆగండి. తొట్టి ఆపండి.’ రాసి, చేద్దామని వెళ్ళి తొట్టి ముందు నిలబడ్డాడు. తొట్టి విజిల్ వేయలేదు. అరగంట నిలబడ్డా వేయలేదు. మరమ్మతుల వాళ్ళకి కబురు చేశాడు. వాళ్ళు వచ్చి వెతికితే విజిల్ కనబడలేదు. కనబడలేదు కనుక ఎవరో ఊడబీకి ఉంటారని తేల్చి, మూడు తొట్లకీ ‘విజిల్ పనిచేయడం లేదు’ అని ఎర్ర చీటీలు కట్టేశారు. తొట్టి తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే “ఆ మోడల్‌కి విజిల్ లేదండీ” అన్నారు. అయ్యో, ఆ భాగం తయారీ మానేశారు కాబోలు అనుకున్నారు వీళ్ళు.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, బుధవారం నాటికి వ్యవహారం భద్రతాధికారి డార్లీన్ దాకా వెళ్ళింది. విజిల్ లేని తొట్టిని వాడటానికి వీల్లేదంది డార్లీన్. ఫ్రీజర్లో ట్యూబులు పేరుకుపోతున్నాయన్నాడు ట్రావిస్. అయితే యంత్రం బదులు మనిషే ఈల వేయాలంది డార్లీన్. మధ్యాహ్నం ఆటవస్తువుల కొట్టుకి పోయి పసుపుపచ్చ ఈలలు డజను కొనుక్కొచ్చింది. వీడియోలో విజిళ్ళు ఎన్నెన్ని నిమిషాలకి వచ్చాయో గడియారం పెట్టి కొలిచి, నాలుగు, ఎనిమిది, పదకొండు అని పేజీలో చేర్చింది. గురువారం ఇంకో ఉద్యోగి, ఈల వేసేవాడూ ట్యూబు ముట్టేవాడూ ఒకడే కాకూడదని రాశాడు. మరొకరు చెవుల్లో పెట్టుకునే దూది ఉండల గురించి రాశారు. శుక్రవారం ఆష్‌బర్న్ శాఖ నుంచి ఫోన్ వచ్చింది. మీ పేజీ మేమూ తీసుకున్నాం, ఈల గది లోపల వేయాలా బయట వేయాలా అని.

ఆ వారమంతా నళిని ఫ్రిస్కోలో తోటికోడలికి కొత్త వంటగది అరలు సర్దిపెడుతూ హాయిగా ఉంది.

మళ్ళీ సోమవారం పొద్దున ఏడింటికి ల్యాబ్ తలుపు తీసేసరికి లోపల్నించి సన్నగా, పొడుగ్గా ఈల వినబడింది. ఎవరి కుక్కరో అనుకుంది మొదట. మెడలో పసుపు ఈల, చేతిలో స్టాప్‌వాచ్, ఛాతీ విరుచుకుని ట్రావిస్. ఎదురుగా ఎనిమిది మంది తొట్ల ముందు బారుగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు.

“రెండో విజిల్,” అన్నాడు ట్రావిస్ గంభీరంగా. అన్నది ఇంగ్లీషులోనే. ఇక్కణ్ణుంచి వాళ్ళందరి మాటలూ మనం తెలుగులోనే చెప్పుకుందాం.

“ఏం చేస్తున్నావు నువ్వు?” అంది నళిని.

“మీరు చెప్పిందే, మేడం. ఆరో మెట్టు.”

“నేనెప్పుడు చెప్పాను?”

“వీడియోలో. ఎక్కువసేపు ఉంచితే మెత్తబడుతుందన్నారు. నిజం చెప్పనా, ట్యూబులు మెత్తబడతాయని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.”

నళిని తన కుర్చీలో కూలబడి పేజీ తెరిచింది. అడుగున పద్నాలుగు మార్పులు, పద్నాలుగు సంతకాలు. తన పప్పు ఏ చేతి నుంచి ఏ చేతికి మారి ఎలా పెరిగిందో వరసగా చదువుకుంది. చదువుతూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. లోకేష్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

“తప్పు నాదే నళిని గారూ. రూల్ అట్లనే ఉండె. ప్రతి మాటా దించాలె అన్నరు, దించిన. ఇంత అయితదని నాకేం ఎరుక? అయినంక చెప్దామంటే వీసా భయం.”

“నీదేం తప్పు లేదులే. నేను నిమిషాలు చెప్పి ఉంటే విజిల్ ఎవరు పట్టించుకునేవాళ్ళు.”

దిద్దుదామని ఆమె మౌస్ మీద చెయ్యి వేసిందో లేదో, టై సర్దుకుంటూ వెండెల్ వచ్చాడు. బుధవారం నుంచీ ఆయన ఈ ఈలల్ని ఒక్కమాటా అనకుండా వింటూ, కాగితాలు పోగేసుకుంటున్నాడు. ముఖంలో పెళ్ళికళ ఉంది.

“పేజీ ముట్టుకోకండి నళినీ. పదింటికి ఆడిటర్ వస్తోంది. ట్యూబులు పంపే కంపెనీ తరఫున తనిఖీకి. ఆమె ఆ పేజీ చూడకముందే ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది.”

కాగితంలో నాలుగు లైన్లు ఉన్నాయి. ఉద్యోగులు పాఠాలు రాయడం వల్ల గందరగోళం ఏర్పడింది కనుక, ఆ పేజీలన్నీ తీసేసి పని మళ్ళీ ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌కి అప్పగించాలని ఉద్యోగులమైన మేమే కోరుతున్నాం.

“నా సంతకం దేనికి?”

“మొదటి పేజీ మీది. మీరే వద్దంటే ఇంకెవరూ మాట్లాడరు.”

“సంతకం పెడితే ఆ ఐదు నిమిషాల స్లయిడ్ మళ్ళీ వస్తుందా?”

“అది ఆమోదం పొందిన స్లయిడ్.”

“మూడుసార్లు రాశాను మీకు, చాలదని.”

“పరిశీలిస్తున్నాం.”

నళిని ఆ కాగితాన్ని మడిచి ఆయన చేతిలోనే పెట్టింది. “పెట్టను.”

“ఆలోచించుకోండి. పెట్టకపోతే ఆడిట్‌లో దొరికే ప్రతి తప్పూ మీ పేరు మీదే పడుతుంది. ఉద్యోగం దాకా రావచ్చు.”

“పడనివ్వండి. నా తప్పుకి కనీసం ఒక పేరు ఉంది. మీ స్లయిడ్ తప్పుకి మీనా పేరు పెట్టి పంపించేశారు.”

వెండెల్ నవ్వు చెదరలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వెళ్ళిపోయాడు. అనేటప్పుడు బాగానే ఉంటుంది, అన్నాకే తెలుస్తుంది. నళిని మెట్ల దగ్గరికి వెళ్ళి మూర్తికి ఫోన్ చేసింది.

“ఏమండీ, ఉద్యోగం పోయేలా ఉంది.”

“ఏం జరిగింది?”

“మొన్నటి పప్పు వల్ల.”

అంతా విన్నాక మూర్తి అన్నాడు. “నేను రెండో విజిల్‌కే కట్టేసి ఉంటే పోయేది. సరే గాని, ఆ అమ్మాయి, అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిందన్నావే. సంతకం పెడితే రేపు అలాంటి పిల్ల ఇంకొకతె వెళ్తుంది. పెట్టకు. ఇంటి సంగతి నేను చూసుకుంటాను.”

నళినికి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ మనిషి పప్పుకి పెట్టిన వంకలన్నీ ఆ క్షణాన మాఫీ చేసేసింది.

ఆడిటర్ సరిగ్గా పదింటికి వచ్చింది. పాతికేళ్ళు దాటిన సన్నటి అమ్మాయి. మెడలో వేలాడే కార్డు మీద సంహిత అని ఉంది. ఇంటిపేరు కూడా మనదే. నళిని ఆ పేరు చదివి, గట్టిగా నిర్ణయించుకుంది, ఒక్క ముక్క తెలుగు మాట్లాడకూడదని. ఇప్పుడు తెలుగు మాట్లాడితే సిఫార్సు అడిగినట్టు ఉంటుంది. తన తప్పుకి తానే నిలబడాలి.

డైరెక్టరు, వెండెల్, డార్లీన్, ట్రావిస్, లోకేష్, నళిని బల్ల చుట్టూ కూర్చున్నారు. సంహిత ముందు ల్యాబ్ చూసి వచ్చింది. ఈలలూ చూసింది. తర్వాత పేజీ తెరిచి వీడియో వేయమంది. గోడ మీద తెరలో నళిని వంటిల్లు నిండుగా కనబడింది. సింకులో రెండు గ్లాసులు కడగకుండా ఉన్నాయి. అప్పుడు చూసుకోలేదు.

మొదటి విజిల్ వచ్చినప్పుడు సంహిత పెన్ను ఆగింది. రెండో విజిల్‌కి తలెత్తింది. మూడోది అయి, మూర్తి చెయ్యి వచ్చి వెళ్ళాక వీడియో ఆపమంది.

“ఆ శబ్దం ఏ యంత్రానిది?” అంది.

“తొట్టిది,” అంది డార్లీన్.

“పాత మోడల్ తొట్టిది,” అన్నాడు ట్రావిస్, సాయం చేద్దామని. “ఇప్పుడు ఆ భాగం దొరకడం లేదు.”

డైరెక్టరు గంభీరంగా తలాడించాడు. లోకేష్ బల్ల కిందకి చూస్తున్నాడు. ఇక్కడ నళిని ఊరుకుంటే గడిచిపోయేది. పాత మోడల్ అని ఒక అబద్ధం, దానికి తోడు ఇంకో నాలుగు కాగితాలు, అంతే. ఊరుకోవాలని కూడా అనిపించింది, ఒక్క క్షణం.

“ప్రెషర్ కుక్కర్,” అంది నళిని. “కందిపప్పు. మూడు విజిల్స్ తర్వాత కట్టేయమని మా ఆయనకి చెప్పాను. పాఠానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నిమిషాలు చెప్పాల్సింది, మర్చిపోయాను. అది నా తప్పు. మిగతాదంతా ఆ తప్పు మీద వీళ్ళు నమ్మకంగా కట్టుకుంటూ వచ్చిందే.”

ట్రావిస్ మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టాడు. డైరెక్టరు అద్దాలు తీసి తుడుచుకుని, “అంటే వారం రోజులుగా మన ల్యాబ్ అంతా కలిసి పప్పు వండుతోందా?” అన్నాడు.

“అందుకే నేను మొదట్నించీ చెబుతున్నాను,” అన్నాడు వెండెల్, ఆ నాలుగు లైన్ల కాగితం మెల్లగా విప్పుతూ. “పనివాళ్ళ చేతికి పాఠాలిస్తే ఇలాగే ఉంటుంది. మా దగ్గర ఆమోదం పొందిన స్లయిడ్లు ఉన్నాయి. ఈ రోజే పాత పద్ధతికి వెళ్ళిపోవచ్చు.”

“ఉన్నాయా? చూపించండి,” అంది సంహిత.

యాభై రెండో స్లయిడ్ తెర మీదికి వచ్చింది. ఐదు నిమిషాలు. సంహిత దాన్ని చదివి, తన సంచిలోంచి వేరే కాగితాలు తీసింది.

“ఈ ల్యాబ్‌లో సగం కరిగి పాడైన ట్యూబులు పోయిన నెల ముప్పై ఒకటి. అంతకు ముందు నెల ఇరవై ఎనిమిది. అసలు నేను వచ్చిందే అందుకు. ఈల మొదలైన రోజు నుంచి ఎన్ని?”

డార్లీన్ కాగితాలు తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. “ఒక్కటీ లేదు.”

“మూడో ఈల పదకొండు నిమిషాలకి. మీ స్లయిడ్ ఐదు నిమిషాలంటోంది. మా కంపెనీ 2009లో పెద్ద ట్యూబులకి మారింది. ఈ ఐదు ఎవరు రాశారు?”

“ఒక బయటి కంపెనీ,” అన్నాడు వెండెల్.

“వాళ్ళతో మాట్లాడవచ్చా?”

“ఆ కంపెనీ 2007లో మూసేశారు.”

“తర్వాత ఎవరు సరిచూశారు? ఏ తేదీన? ఎందుకు మార్చలేదు?”

వెండెల్ స్లయిడ్ నాలుగు మూలలూ చూశాడు. ఏ మూలా ఏ పేరూ లేదు. “పరిశీలనలో ఉంది,” అన్నాడు చివరికి, తన మీద తనకే నమ్మకం లేనట్టు.

సంహిత మళ్ళీ ఈలల పేజీకి వచ్చి అడుగుకి దిగింది. పద్నాలుగు మార్పులూ తెర నిండా పరుచుకున్నాయి. లోకేష్, సోమవారం, నియమం ప్రకారం. ట్రావిస్, మంగళవారం, అందరికీ వీలుగా. డార్లీన్, బుధవారం, భద్రత కోసం.

“ఇది తెలివితక్కువ పేజీ,” అంది సంహిత. “కానీ తప్పు ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా పెరిగిందో, ఎవరేమనుకుని చేశారో అంతా ఇక్కడ ఉంది. ఈ భవనంలో పొద్దుట్నించీ నేను చూసిన వాటిలో తన పుట్టుపూర్వోత్తరాలు తాను చెప్పగలిగిన కాగితం ఇదొక్కటే. స్లయిడ్ల మీద పెద్ద తప్పు రాస్తున్నాను. పేజీ మీద చిన్న తప్పు రాస్తున్నాను, నిమిషాలు లేవని. దిద్దడానికి ఎంతకాలం పడుతుంది?”

నళిని ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుంది. ఆరో మెట్టు కొట్టేసి, ‘పదకొండు నిమిషాలు కరిగించండి. ట్యూబుని వేళ్ళతో తడిమి చూడండి. నడుమ గడ్డ తగిలితే ఇంకో నిమిషం ఉంచండి’ అని రాసింది. కారణం అన్న గడిలో ‘మొదట చెప్పడం మర్చిపోయాను, నళిని’ అని కొట్టి, భద్రపరిచింది.

“అయింది,” అంది. “రెండు నిమిషాలు.”

వెండెల్ ఆ నాలుగు లైన్ల కాగితాన్ని చడీచప్పుడు లేకుండా జేబులో పెట్టుకున్నాడు. డైరెక్టరుకి గాలి ఎటు వీస్తోందో తెలిసిపోయింది. లేచి నళిని చెయ్యి పట్టుకుని ఊపి, “మీకు కంపెనీ తరఫున ఏదైనా చిన్న బహుమతి ఏర్పాటు చేస్తాను,” అన్నాడు.

“బహుమతి వద్దండీ. మీనాకి ఫోన్ చేయండి.”

“ఎవరికి?”

“మీ స్లయిడ్‌లో ఉన్నట్టే చేసినందుకు మీరు తీసేసిన అమ్మాయికి. తప్పు ఆ అమ్మాయిది కాదు, స్లయిడ్‌ది అని కాగితం మీద రాసి, కింద మీ పేరు పెట్టి పంపండి. ఆడిటర్ గారు ఉండగానే ఒప్పుకుంటే ఇంకా బాగుంటుంది.”

డైరెక్టరు సంహిత వైపు చూశాడు. సంహిత పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకుంది. డైరెక్టరు ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే ఉత్తరం వెళ్ళింది. మీనా అప్పటికే ఇంకో ల్యాబ్‌లో చేరిపోయింది, తిరిగి రానంది. కానీ ఉత్తరం మాత్రం ఫోటో తీసి నళినికి పంపింది. నళిని ఆ ఫోటోని మూర్తికి మూడుసార్లు చూపించింది.

ఆ సోమవారం సాయంత్రం సంహిత వెళ్ళిపోతూ వరండాలో నళిని పక్కన ఆగింది. చుట్టూ చూసి, అమెరికా యాసలో నెమ్మదిగా తెలుగు కూడగట్టుకుంది.

“ఆంటీ, మా అమ్మ కూడా త్రీ విజిల్స్ అంటది. వై త్రీ అని చాలా టైమ్స్ అడిగాను. ‘అంతే’ అంటది. ఎప్పుడు చెప్పలేదు.”

“చెప్పకూడదని కాదమ్మా. చెప్పాలని తోచదు. మాకు తెలుసు కదా, అందరికీ తెలుసనుకుంటాం.”

“రాయమని చెప్తాను,” అంది సంహిత, కారు తాళాలు తీసుకుంటూ.

బుధవారం డైరెక్టరు కొత్త ఉత్తర్వు వేశాడు. ఉద్యోగుల పేజీలు ఉంటాయి, ఇంకా పెరుగుతాయి. ఇకమీదట ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌తో సహా ఎవరు ఏ పాఠం పెట్టినా, ఆ పనిచేసే ఉద్యోగి ఒకరు చూసి ఒప్పుకున్నాకే బయటికి వెళ్ళాలి. మొదటి ఆరు నెలలూ ఆ చూసే పని నళినిది. జీతం పెంచారా అని అడగకండి, పరిశీలిస్తున్నారు.

గురువారం పొద్దున ఆమె కంప్యూటర్ తెరిచేసరికి మొదటి పాఠం ఆమోదం కోసం వచ్చి కూర్చుని ఉంది. ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ వారిది. ‘ఉద్యోగులు పాఠాలు రాయడం ఎలా’, ఎనభై నాలుగు స్లయిడ్లు. నళిని కాఫీ తెచ్చుకుని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివింది. ప్రతి స్లయిడ్ నాలుగు మూలలూ చూసింది. తర్వాత వెనక్కి పంపే మీట నొక్కి, కారణం అన్న గడిలో రెండే మాటలు కొట్టింది: “రాసింది ఎవరు?”